ఇరవయ్యేడో తేదీ చావుకబురు

ఆ శనివారం పొద్దున యెషిమెబెత్ మూడు పనులు పెట్టుకుంది. కాఫీ గింజలు వేయించి దంచడం, మెధానె అలెం చర్చికి వెళ్లి రావడం, మధ్యాహ్నం కొడుకు గెత్నెత్ లారీ దిగేసరికి పొయ్యి మీద శనగపిండి షిరో కుతకుతలాడుతూ ఉండేలా చూడడం. భయపడటాన్ని ఆమె పనుల్లో లెక్కవేయదు. అది రోజూ దానంతటదే జరిగిపోతుంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. యెషి కీడెంచేసరికే పొద్దుగూకేది, మేలెంచడానికి టైము మిగిలేది కాదు. గెత్నెత్ జిబూతీ రోడ్డు మీద లారీ నడుపుతాడు. రెండు రోజులుగా అతని ఫోను అందడం లేదు. ఆ ఎడారి దారిలో ఫోన్లు అందవని వీధిలో అందరికీ తెలుసు, యెషికీ తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన తల్లి బెంగ తీరుతుందా? పైగా తెల్లారుజామున కలలో పన్ను ఊడింది. కింది పన్నయితే పోయేది దూరపు చుట్టం. ఊడింది పై పన్ను.

ఆమె కూతురు మెక్దెలావిత్ ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఆ ఆఫీసు గోడకి పరంగీల క్యాలెండరు వేలాడుతుంది. ఇంట్లో 2017వ సంవత్సరమైతే అక్కడ 2025. నెలలు కూడా వేరే. "పొద్దున బస్సెక్కి ఎనిమిదేళ్లు ముసలిదానివవుతావు, సాయంత్రం బస్సు దిగి మళ్లీ పడుచుదానివవుతావు. ఇది ఒంటికి మంచిది కాదే మెక్దీ" అని యెషి ఎన్నోసార్లు చెప్పి చూసింది.

ఇప్పుడు ఆ పిల్ల ఏకంగా వీధి ఇద్దిర్‌కే ఒక యాప్ తయారుచేసింది. ఎవరింట్లో చావు జరిగినా గంటలో టెంటు, బెంచీలు, పెద్ద బానలతో దిగిపోయే సంఘమే ఇద్దిర్. యెషి కాపురానికి వచ్చినప్పటి నుంచీ అందులో సభ్యురాలు. ఇన్నాళ్లూ కబురు చేరవేసింది, అందరూ గౌరవంగా గాషే అని పిలిచే దెమిసె బాకా. తెల్లవారుజామున వీధి వీధీ తిరుగుతూ, బాకా ఊది, ఎవరిల్లో కేకవేసి చెప్పేవాడు. ఇకమీదట ఇద్దిర్ పెద్ద జెవ్దు గారు కబురు తనకి తోచినట్టు ఫోనులో రాస్తే చాలు. యాప్ అందులోంచి తేదీ ఏరుకుని, అది ఆ రోజుదే అయితే నూట అరవై ఫోన్లకు మెసేజీ కొడుతుంది. మర్నాడు ఆదివారం సభ. సభ ఒప్పుకుంటే మిగతా పేటల ఇద్దిర్లు కూడా తీసుకుంటాయనీ, అప్పుడు ఆ పని మొత్తానికి మెక్దినే పెద్దను చేస్తాననీ మేనేజరు మాటిచ్చాడు.

"ఇవాళే మొదటిసారి అందరి ఫోన్లకూ కలుపుతున్నామమ్మా" అంది మెక్ది, ఇంజెర రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటూ. "జెవ్దు గారు పాత ఫైల్లోంచి నలభై కాగితాలు ఎక్కిస్తారు. తేదీలు సరిగ్గా పట్టుకుంటుందో లేదో చూడాలి."

"పోయినవాళ్లందర్నీ మళ్లీ చాటుతుందా ఏంటి ఖర్మ?"

"అబ్బ, అవన్నీ దాటిపోయిన తేదీలే కదా. చదివి పక్కన పెట్టేస్తుంది. ఇవాళ్టి తేదీ అయితేనే నోరు విప్పుతుంది."

"దానికి తేదీ ఎలా తెలుస్తుందే?"

"అదేగా ఆర్నెల్ల తలనొప్పి! ఒకాయన మిఖాయేల్ నాడు అని రాస్తాడు. ఇంకొకావిడ పాస్కా పండగ వెళ్లిన మంగళవారం అంటుంది. నెలలో మిఖాయేల్ అంటే పన్నెండో రోజు, గబ్రియేల్ అంటే పంతొమ్మిది, మర్యాం అంటే ఇరవై ఒకటి అని ఒక్కొక్కటే కూర్చుని నేర్పా."

"మరి ఉత్త అంకెలుంటే?"

"అది సులువు. మన ఇద్దిర్ వాళ్లు పరంగీ లెక్కలో ఎందుకు రాస్తారు? అంకెలు కనపడితే మన లెక్కే అనుకో అని చెప్పా."

యెషి కాఫీ పెనం కిందికి దించి కూతురి వైపు అనుమానంగా చూసింది. "అనుకోవడం నాలాంటి దాని పనే తల్లీ. ఫోనుకి కూడా ఎందుకే ఆ పాడు అలవాటు?"

మెక్ది నవ్వి చెప్పులు వేసుకుంది. గుమ్మం దగ్గర మళ్లీ ఆగింది. "ఇంకోటమ్మా. చావు జరిగిన ఇంటివాళ్ల ఫోన్లకు మాత్రం మెసేజీ వెళ్లదు. అలాంటి మాట ఫోనులో తెలియడమేంటి, వీధంతా కలిసొచ్చి మెల్లగా చెప్పాలి గానీ. ఆ మర్యాద కూడా నేర్పాను."

"అదొక్కటి బాగుంది" అంది యెషి. ఆ యాప్ గురించి ఆమె నోట వచ్చిన మొదటి మంచి మాట అదే. దానికి తర్వాత చాలా విచారించింది.

పొద్దు బాగా ఎక్కింది. వీధిలో నూట యాభై ఏడు ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. మోగనివి మూడు. ఒకటి యెషి సంచిలో ఉంది, రెండోది మెక్ది ఆఫీసు బల్ల మీద, మూడోది జిబూతీ దారిలో ఎక్కడో.

మెసేజీ చిన్నదే. "యెషిమెబెత్ గారి ఇంట మరణం. నేడు టెంటు, బెంచీలు, రెండు పెద్ద బానలు."

యెషి పక్కింటావిడ అత్సెదె ఆ మెసేజీ మూడుసార్లు చదివి, గోడ సందులోంచి తొంగి చూసింది. యెషి చర్చి నుంచి ఇంటివైపు నడిచి వస్తోంది. అయితే పోయింది యెషి కాదు. మెక్ది పొద్దున్నే బస్సెక్కుతుంటే రొట్టెల కొట్టు ఆవిడ చూసింది. అయితే మెక్దీ కాదు. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? అత్సెదె నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. "జిబూతీ రోడ్డు" అంది. ఆ మాట ఇంటింటికీ పాకింది. ఎవరూ మృతుడి పేరు ఎత్తలేదు. ఎత్తకూడదు కూడా, తల్లికి ఇంకా చెప్పలేదు కదా.

వీధి మలుపు తిరుగుతూనే యెషికి ఏదో తేడాగా తోచింది. రోజూ పలకరింపులతో పావుగంట తినే రొట్టెల కొట్టు ఆవిడ తల ఒక్కసారి వంచి లోపలికి తప్పుకుంది. ఎప్పుడూ ములుకుల్లాంటి మాటలు విసిరే దర్జీ లేచి నిలబడ్డాడు. ఆ పైన వాసన. ఉపవాసాల రోజుల్లో శనగలు ఉడకడం వింత కాదు. మూడిళ్లలో ఒక్కసారే, గోధుమలతో కలిపి ఉడకడం మాత్రం వింతే. ఆ నిఫ్రో చావింటి తిండి.

"ఎవరు పోయారబ్బా?" అనుకుంది యెషి. బాకా వినపడలేదే! గాషే దెమిసె తన గుమ్మంలో స్టూలు మీద కూర్చుని బాకాని గుడ్డతో తుడుస్తున్నాడు.

"గాషే, మన వీధిలో ఎవరైనా పోయారా?"

"నన్నడుగుతావేంటమ్మా? ఇప్పుడు నేనెవణ్ని? కబుర్లన్నీ గాల్లో పోతున్నాయటగా."

"ఎవరో పోయారు. నిఫ్రో వాసన వస్తోంది."

ముసలాయన తుడవడం ఆపాడు. ఆమె మొహంలోకి చూడబోయి బాకా మూతిలోకి చూశాడు. "ముప్పై ఏళ్లుగా ఈ వీధికి ఊదుతున్నా. శవాన్ని చూడకుండా ఒక్కసారీ ఊదలేదు. ఇవాళా చూడలేదు, ఊదలేదు. అంతకంటే నన్నడక్కు. ఇంటికెళ్లి కూర్చో తల్లీ, ఎండగా ఉంది."

దెమిసె ఆమెను తల్లీ అని ఎప్పుడూ పిలిచింది లేదు. ఎండ కూడా అంత లేదు.

ఇంటికొచ్చి తలుపు వేసుకోబోతుంటే గేటు దగ్గర అత్సెదె నిలబడి ఉంది. యెషి తలుపు వదిలి గేటు దాకా నడిచింది. అత్సెదె ఆ గేటు దాటి ఏడేళ్ల ఎనిమిది నెలలు దాటింది. యెషి భర్త అస్రాత్ పోయినప్పుడు ఇద్దిర్ బాన ఒకటి పగిలింది. నువ్వు పగలగొట్టావంటే నువ్వు పగలగొట్టావని ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా గోడ తప్ప ఏమీ మాట్లాడింది లేదు. అలాంటి అత్సెదె ఇవాళ తెల్లటి నెతెలా శాలువాని రంగు అంచు మెడ దగ్గరికి వచ్చేలా తిప్పి కప్పుకుని వచ్చింది. చావింటికి కప్పుకునే తీరు అది. యెషి చూపు అంచు మీద పడగానే గబుక్కున కిందికి తిప్పేసింది.

"యెషీ, బాగున్నావా అక్కా?"

"ఈ క్షణం దాకా బాగానే ఉన్నా. ఏం కావాలి?"

"ఏం లేదు, ఊరికే. ఏమైనా తిన్నావా?"

"నేను తింటే నీకెందుకు, తినకపోతే నీకెందుకు?"

"తినాలక్కా. ఒంట్లో బలం ఉండాలి."

"బలం దేనికే?"

అత్సెదె ఆలోచించింది. "దేనికైనా."

"పగిలిన బాన గురించి వచ్చావా?"

"బానా! ఈ రోజున బాన మాటెందుకు? నేనే పగలగొట్టాననుకో. సరేనా?"

అత్సెదె తప్పు ఒప్పుకుందంటే లోకంలో ఏదో మునిగిందన్నమాటే. యెషి గేటు పట్టుకుని నిలబడింది. అత్సెదె ఆమె భుజం పట్టుకుని అడిగింది. "గెత్నెత్ ఫోను చేశాడా?"

"ఎందుకడిగావు?"

"ఊరికే."

"అత్సెదే! ఎందుకడిగావు?"

"ఊరికేనక్కా. కూర్చో. జెవ్దు గారు కూడా వస్తున్నారు."

"ఆయనెందుకు?"

"ఊరికే."

నాలుగో ఊరికే నోట్లో ఉండగానే గోడ అవతలి నుంచి టెంటు కర్రలు తలలు చూపించాయి. ఒకటి, రెండు, నాలుగు, ఆరు. వాటి వెనకే బెంచీలు, బెంచీల వెనక మగవాళ్లు, అందరి ముందూ రిటైరైన హెడ్మాస్టరు జెవ్దు గారు, నల్లకోటు వేసుకుని, చేతులు కట్టుకుని. యెషి సంచిలోంచి ఫోను తీసి గెత్నెత్ నంబరు నొక్కింది. అందలేదు. మళ్లీ నొక్కింది. పద్నాలుగుసార్లు నొక్కింది.

"యెషిమెబెత్" అని మొదలుపెట్టాడు జెవ్దు గారు, దారంతా వల్లెవేసుకున్న మాటలు గుర్తు చేసుకుంటూ. "మనందరం దేవుడి సొమ్మే. ఇచ్చినవాడు ఆయనే, తీసుకునే..."

ఆ వాక్యం యెషి పూర్తి కానివ్వలేదు. ఆమె పెట్టిన కేకకి వీధి చివర చర్చి మెట్ల మీది పావురాలు లేచిపోయాయి. ఆడవాళ్లు చుట్టుముట్టి గుండెలు బాదుకున్నారు. గెత్నెత్ ఫలానా చోట పోయాడని ఒక్కరు నోరు తెరిచి అన్నా "నీకెవరు చెప్పారు?" అని ఇంకొకరు అడిగేవారే. కానీ ఇలాంటి కబురు తిన్నగా చెప్పేవాణ్ని ఆ వీధిలో మనిషిగా చూడరు. కాబట్టి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందరూ ఏడ్చారు.

ఇక కూతురికి కబురు పెట్టాలి. అత్సెదె యెషి చేతిలోంచి ఫోను మెల్లగా విడిపించి మెక్దికి చేసింది. "అమ్మా మెక్దీ, మీ అమ్మకి కాస్త నలతగా ఉంది. కంగారేం లేదు. ఒక్కదానివే మాత్రం రాకు." ఒక్కదానివే రాకు అన్నాక ఆ ఊళ్లో పుట్టిన పసిపిల్లకైనా సంగతి అర్థమైపోతుంది. అవతల కుర్చీ పడిన చప్పుడు వినపడింది. పది నిమిషాల్లో మెక్ది, ఆమె ఆఫీసులోని పదకొండు మంది, ఒక మినీబస్సు నిండా ఏడుస్తూ బయల్దేరారు. ఆమె అమ్మా అమ్మా అంటుంటే, ఆ తల్లిని ఒక్కసారీ చూడని మేనేజరు కూడా కళ్లు తుడుచుకున్నాడు.

అత్సెదె నిఫ్రో బాన దగ్గరికి వెళ్లి గరిటె అందుకుంది. చేతిలో యెషి ఫోను మోగింది. ఏడుపు గొంతుతోనే ఎత్తింది.

"అమ్మా, నేను గెత్నెత్‌ని. ఇప్పుడే సిగ్నలు వచ్చింది. పద్నాలుగుసార్లు చేశావేంటి, అక్కడ ఏడుపులేంటి?"

అత్సెదె చేతిలోంచి ఫోను జారి మరుగుతున్న శనగల్లో పడింది. ఆవిడ పరుగున వెళ్లి జెవ్దు గారి కోటు పట్టుకుంది. "పోయినవాడు ఫోను చేశాడండీ! సిగ్నలు వచ్చిందట!"

జెవ్దు గారు చదువుకున్నవాడు. దయ్యాలను నమ్మడు, మనుషులనూ అంతగా నమ్మడు. ఆమెను పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "ఎవడో దొంగ అయ్యుంటాడు. ప్రమాదం జరిగిన చోట ఫోను ఎత్తుకెళ్లి ఉంటాడు. తల్లికి చెప్పకు, పోలీసులతో నేను మాట్లాడతా."

"గొంతు అచ్చం వాడిదేనండీ."

"ఆరితేరిన దొంగ అన్నమాట."

అవతల గెత్నెత్‌కి వినిపించింది ఇదీ: వీధి వీధంతా ఏడుపు, ఒక కెవ్వు, తర్వాత బుడబుడమని నీళ్లలో మునుగుతున్న చప్పుడు. ఆ తర్వాత తల్లి ఫోను పలకలేదు. లారీని గిడ్డంగికి తోలాల్సినవాడు ఇంటికే తోలాడు. కంటెయినరుతో సహా.

ఆ వీధిలోకి గాడిద బండి వస్తేనే ఇద్దరు గోడకి అంటుకుని నిలబడాలి. అలాంటి వీధిలోకి ఇరవై రెండు చక్రాల లారీ మూతి పెట్టింది. దర్జీ బోర్డు ఊడిపడింది. తన గుమ్మం ముందు కట్టిన టెంటు కనపడగానే గెత్నెత్ "అమ్మా!" అని గావుకేక పెట్టి దూకాడు. సరిగ్గా అప్పుడే అవతలి మలుపులో మినీబస్సు ఆగింది, అందులోంచి "అమ్మా!" అంటూ మెక్ది. ఇద్దరూ రెండు వైపుల నుంచి ఏడ్చేవాళ్లని తోసుకుంటూ టెంటు మధ్యలోకి వచ్చిపడ్డారు. మధ్యలో చాప మీద, జుట్టు విరబోసుకుని, "నా గెత్నెత్తో!" అని యెషి.

యెషి తలెత్తి చూసింది. కొడుకు చెంప తడిమింది, గిల్లింది, నమ్మకం కుదరక ఫెడేల్మని ఒకటి కొట్టింది.

"అబ్బా!" అన్నాడు గెత్నెత్.

"బతికే ఉన్నావా?"

"నువ్వు బతికే ఉన్నావా?"

"ఇద్దరూ బతికే ఉన్నారా?" అంది మెక్ది, ఏడవాలో మానాలో తెలియక.

ఏడుపు ముందు వరసలో ఆగింది, తర్వాత రెండో వరసలో, చివరికి గేటు అవతల. వెనక నిలబడ్డ గాషే దెమిసె బాకా చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. "ఇంట్లో ఉండేది ముగ్గురు. ముగ్గురూ ఏడుస్తున్నారు. మరి పోయిందెవరు?"

జెవ్దు గారు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "యెషిమెబెత్, ఇంట్లో ఇంకెవరూ లేరు కదా?"

"ఇంకెవరుంటారు? అంటే ఏంటి నీ ఉద్దేశం?"

"ఉద్దేశం కాదు, లెక్క కుదరాలి కదా." ఆయన చూపు బాకా మీద పడింది. "ఇది ఎవడో కావాలని చేసిన పని. ఈ యాప్ వస్తే ఎవరి పని పోతుందో వాళ్లని అడగాలి."

"నన్నా?" అన్నాడు దెమిసె. "నాకు ఫోను ఎటు పట్టుకోవాలో తెలీదు. నేను అబద్ధమాడాలంటే దీంతో ఊది చెబుతా, దొంగచాటుగా గాల్లో వదలను. ముప్పై ఏళ్లలో బతికున్నవాణ్ని ఒక్కణ్ని చంపానా? మీరు మొదటి రోజే చంపారు!"

యెషి ఆ గొడవేమీ వినడం లేదు. కొడుకు చొక్కా చెంగు పట్టుకుని కూర్చుంది. కానీ కళ్లు మాత్రం అందరి మొహాల మీదా తిరుగుతున్నాయి. వాడు పోకుండానే ఇన్ని బానలు పొయ్యెక్కాయంటే, పోతాడని ఎవరికో ముందే తెలిసి ఉండాలి.

మెక్ది ఏడ్చేవాళ్ల బెంచీ మీద లాప్‌టాప్ తెరిచింది. పదకొండు మంది ఆఫీసువాళ్లూ భుజాల మీదుగా వంగారు, వాళ్ల వెనక వీధి వంగింది. వెళ్లిన కబుర్లలో అదొక్కటే ఉంది. కింద జెవ్దు గారు టైపు చేసిన అసలు మాటలు, చివర తేదీ: 27/7/2017.

"ఇవాళ ఎంత?" అని అడిగింది మెక్ది.

"మెగాబిత్ ఇరవయ్యేడు. మెధానె అలెం రోజు" అన్నారు అందరూ. మెగాబిత్ ఏడో నెల. సంవత్సరం 2017.

మెక్ది తెర మీది తేదీ మీద వేలు పెట్టింది. "అయితే యాప్ తప్పు చదవలేదు. రాసింది ఇవాళ్టి తేదీనే. జెవ్దు గారూ, ఇది ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదమ్మా. పాత ఫైల్లో ఉన్నదే నేను చూసి కొట్టాను. నలభైలో ఇదొకటి, ఎవరిదని కూడా చూడలేదు. నా కళ్లజోడు మీద ఒట్టు."

"పాత కాగితం మీద ఇవాళ్టి తేదీ ఎలా ఉంటుంది?"

జెవ్దు గారు స్వయంగా వెళ్లి ఫైలు తెచ్చాడు. కాగితం పసుపు పచ్చగా మారింది, అంచులు చీకిపోయాయి, నీళ్ల మరకలు. కిందటి వారం రాసిందని కళ్లు లేనివాడు కూడా అనడు. దాని మీద నీలం సిరాతో యెషి పేరు, చావు, ఇవాళ్టి తేదీ.

"ముందే రాసిపెట్టి ఉందన్నమాట" అంది అత్సెదె మెల్లగా. "ఎప్పుడో, ఎవరో."

ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. మినీబస్సులో వచ్చినవాళ్లు, కంప్యూటర్లు చదువుకున్నవాళ్లే, రెండడుగులు వెనక్కి వేశారు. చాప చుట్టూ పెద్ద ఖాళీ ఏర్పడింది. దాని మధ్యలో ముగ్గురు.

"ఇంకా రోజు గడవలేదుగా" అన్నాడు దర్జీ. ఆ మాట అనాల్సింది కాదు.

అక్కడి నుంచి అందరూ మరీ జాగ్రత్తపరులైపోయారు. గెత్నెత్‌ని టెంటు కర్ర కింది నుంచి లేవమన్నారు. బెంచీ మీద కూర్చోబోతే బెంచీ కాళ్లు చూశారు. మెక్దికి ఒకావిడ నీళ్లిస్తే, ఇంకొకావిడ ముందు నువ్వు తాగమంది. లారీ తాళం చెవి జెవ్దు గారు తన జేబులో వేసుకున్నాడు. "సాయంత్రం దాకా ముగ్గురూ కదలొద్దు" అన్నాడు.

జీవితమంతా యెషి భయపడింది ఇలాంటి దానికే. ఇప్పుడు అది కాగితం మీదికి ఎక్కి, తేదీ వేసుకుని మరీ వచ్చింది. కానీ అంత భయంలోనూ ఆమెకి ఒక అనుమానం వచ్చింది. చావు రాసేవాడెవడైనా సరే, నీళ్ల మరకలు ఎందుకు చేస్తాడు?

"ఇలా ఇవ్వండి ఆ కాగితం."

"వద్దక్కా, ముట్టుకోకు!"

"నా చావే కదా, నేను చదువుకోకూడదా?"

యెషి నాలుగో తరగతి దాకా చదివింది. కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని ఒక్కో అక్షరమూ వేలితో నొక్కి చదివింది. "యెషి-మె-బెత్ గారి ఇంట మరణం. టెంటు ఒకటి. బెంచీలు ఇరవై. పెద్ద బానలు రెండు." వేలు ఆగింది. "ఒకటి ముందే పగిలినది."

"ఏమన్నావు?" అంది అత్సెదె.

"ఒకటి ముందే పగిలినది."

"ఏదీ, చూడనీ!" అత్సెదె శకునమూ గికునమూ మరిచిపోయి కాగితం మీదికి వంగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి జెవ్దు గారి మొహం చూశారు.

"ఇది మా ఆయన కాగితం" అంది యెషి. "ఈ మరకలు వానవి. ఆ రోజు టెంటు కారి శవం మీద గొడుగు పట్టాం. మీ టెంటుకి ఆ చిల్లు ఇంకా ఉంది, పైకి చూడండి."

అందరూ పైకి చూశారు. చిల్లులోంచి ఎండ పడుతోంది.

"మరి తేదీ ఇవాళ్టిది ఉందేంటమ్మా?" అన్నాడు గెత్నెత్. "నాన్న పోయింది హమ్లె నెలలో కదా?"

"హమ్లె ఇరవై. గబ్రియేల్ పండగ మర్నాడు. నేను మర్చిపోతానా? ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితంలో ఇలాగే ఇరవయ్యేడు, ఏడు అని ఉంది. ఇదేం తేదీ అని నేనడిగితే, పరంగీ లెక్కమ్మా, నీకర్థం కాదులే అన్నారు. ఎవరో పెద్దమనిషి దాన్ని చూసి ఉన్నదున్నట్టు దించేశాడు."

జెవ్దు గారు దగ్గాడు. నీలం సిరా ఆయనదే, చేతిరాతా ఆయనదే. "ఆ రోజు వాన... తొందరలో..."

మెక్ది తల పట్టుకుంది. "పరంగీల జూలై ఇరవయ్యేడు, 2017. మన మెగాబిత్ ఇరవయ్యేడు, 2017. అవే అంకెలు! నాన్న తేదీని యాప్ మన లెక్క అనుకుని ఇవాళ్టి దాకా మోసుకొచ్చింది. ఇన్నాళ్ల తర్వాత."

"ఏడేళ్ల ఎనిమిది నెలలు" అన్నారు యెషి, అత్సెదె ఒకేసారి. వాళ్లిద్దరూ వేరే పద్దు మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

"అంకెలు కనపడితే మన లెక్కే అనుకో అని చెప్పింది నేనే" అంది మెక్ది. మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు. రేపటి సభ మాట ఇక ఎత్తక్కర్లేదని ఆమెకి తెలిసిపోయింది.

"పొద్దున్నే చెప్పానా, అనుకోవడం మంచిది కాదని?" అంది యెషి. కూతురి కళ్లు చూసి వెంటనే గొంతు మార్చింది. "ఏడవకే. ఏడ్చే పని ఇందాక అందరం కలిసి చేసేశాం. బాగుచేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎంతోసేపు పట్టదమ్మా. రెండు లెక్కల్లోనూ కుదిరే తేదీ కనపడితే, దానంతటది అనుకోకుండా ఆగి అడగాలి."

"ఎవర్ని?"

గాషే దెమిసె గొంతు సవరించుకున్నాడు. "ఇద్దిర్ మొత్తం ఇక్కడే ఉంది. టెంటుంది, బెంచీలున్నాయి, తిండి ఉడికింది. రేపటి సభ ఇప్పుడే పెట్టేస్తే పోలా?"

అలా సభ చావింట్లో, చావు లేకుండా జరిగింది. ఉదయం నుంచి ఏడ్చి ఏడ్చి అలిసిపోయినవాళ్లు కాబట్టి ఎవరూ ఎక్కువ వాదించలేదు. యాప్ ఉండనిచ్చారు. కానీ దెమిసె వెళ్లి చూసి, బాకా ఊదిన తర్వాతే అది కబురు పంపాలి. ఊదిన మనిషి మాట మీద నమ్మకముంది, ఊదని ఫోను మీద లేదు. ఇక తేదీ మీద అనుమానం వస్తే యాప్ ఎవరిని అడగాలన్న మాట వచ్చింది. అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి.

"అనుమానించడంలో ఈ వీధిలో ఆవిడని మించినవాళ్లు లేరు" అంది అత్సెదె.

"అది పొగడ్తా, తిట్టా?" అని అడిగింది యెషి.

"చూశారా?" అంది అత్సెదె సభ వైపు తిరిగి. నూట యాభై చేతులు లేచాయి.

మేనేజరు నిఫ్రో దోసిట్లో పోసుకుని తింటూ మెక్ది దగ్గరికి వచ్చాడు. "మిగతా ఇద్దిర్లకి ఇస్తున్నప్పుడు" అన్నాడు, "ఒక్కో చోట మీ అమ్మగారి లాంటి ఒకరిని వెతకాలి. దొరుకుతారా?"

"వెతకక్కర్లేదు సార్" అన్నాడు గెత్నెత్, చెంప రుద్దుకుంటూ. "ప్రతి ఇంట్లో ఉంటారు."

యెషి కాఫీ గింజలు మళ్లీ పెనం మీద పోసింది. అత్సెదె పక్కన కూర్చుని విసనకర్ర అందుకుంది. ఎవరి ఫోనో శనగల్లోంచి గరిటెకి తగిలింది గానీ ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఒక్క పని మిగిలింది. రాని సభ్యులకి, దారిలో ఉన్న చుట్టాలకి తప్పు దిద్దిన కబురు వెళ్లాలి. జెవ్దు గారు ఇద్దిర్ పెద్ద హోదాలో ఫోను తీశాడు. యాప్‌లో రద్దు అన్న బటనే లేదు, చావుని రద్దు చేయాల్సి వస్తుందని మెక్దికి తట్టలేదు. సభల కోసం పెట్టిన బటను ఒకటుంటే ఆయన దాన్ని నొక్కాడు. వీధంతా ఫోన్లు మోగాయి, ఆ మూడు తప్ప. అత్సెదె తన ఫోను దూరంగా పట్టుకుని పైకి చదివింది.

"యెషిమెబెత్ గారి ఇంట మరణం వాయిదా పడింది. తేదీ తర్వాత తెలియజేస్తాం."

ఇక కేక పెడుతుందని అందరూ యెషి వైపు చూశారు. ఆమె గింజలు ఒకసారి కలిపి, పొగ మొహానికి తగలకుండా తల పక్కకి తిప్పుకుంది.

"ఏ తేదీ వేసినా మన లెక్కలోనే వెయ్యమనండి" అంది. "ఏడెనిమిదేళ్లు కలిసొస్తాయి."